తొమ్మిది పిన్నులు, ఇరవై ఐదు పిన్నులు

"రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఆడుకోవడం కళ్లారా చూడండి." కోదాడ బస్టాండులో మా సారు పంచిన కరపత్రంలో ఈ వాక్యం అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉంది. సూర్యాపేటలో కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపే ఆయన, కోదాడలో రెండోది తెరవబోతున్నాడు. అప్పటికి తొంభైల నడుమకు వచ్చాం. నేను ఆయన దగ్గర ఫ్లాపీలు కాపీ చేయడం, కీబోర్డులు విప్పి తుడవడం చేసేవాణ్ని. ఇంటర్ తప్పినవాణ్ని. డిగ్రీ చదివిన ఇద్దరి దరఖాస్తులు ఆయన సొరుగులో ఉన్నాయి.

"గా ఆట ఆడించినవనుకో, కోదాడల సారువు నువ్వే" అన్నాడు. "ఆడలేదనుకో, డిగ్రీ వాళ్లల్ల ఒకన్ని పిలుస్త. మల్ల నా మీద అలగొద్దు."

నేను భయపడలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉంది. నేను చదువుకున్నది కాలేజీలో కాదు, మిర్యాలగూడ గ్రంథాలయంలో. రైస్ మిల్లుల మీదుగా తవుడు వాసన వచ్చే కిటికీ పక్క బల్ల నాది. కంప్యూటర్లను తీగలతో, ఫోన్లతో కలపడం గురించి అక్కడ ఒక ఇంగ్లిష్ పుస్తకం ఉండేది. ఇంటికి ఇవ్వరు కాబట్టి పక్కన నిఘంటువు పెట్టుకొని, ఒక వేసవి అంతా కూర్చొని నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. కంప్యూటర్‌ను ఫోను తీగకు కలిపే మోడెం అనే పెట్టె ఎలా ఫోను ఎత్తుతుందో, ఏ ఆదేశం ఇస్తే ఏ నంబరు తిప్పుతుందో నాకు కంఠతా వచ్చు. అప్పటిదాకా మోడెంను కంటితో చూడలేదు, అంతే.

సారు హైదరాబాదు నుంచి రెండు పాత మోడెంలు తెచ్చాడు. ఒకటి సూర్యాపేటలో ఆయన ఫోనుకు, ఇంకొకటి కోదాడలో మేం అద్దెకు తీసుకున్న గదుల ఓనరు గారి ఫోనుకు. కార్ల పందెం ఆట. అక్కడ ఒకరు, ఇక్కడ ఒకరు కారు నడిపితే రెండు కార్లూ రెండు తెరల మీదా కనిపించాలి. కోదాడలో నేను మోడెం సిద్ధం చేసి కూర్చున్నాను. ఫోను మోగింది. మోడెం ఎత్తేలోపే లోపలి గదిలో ఓనరు గారి తల్లి ఎత్తి "హలో, ఎవరు?" అంది. మోడెం ఆమె చెవిలో కీచుమని అరిచింది. రెండోసారీ అంతే. ఆ వీధికంతటికీ అదొక్కటే ఫోను. నేను వెళ్లి బతిమాలాను.

"మోగుతుంటే ఎత్తకుండా ఎట్టా ఉంటం నాయనా" అంది ఆ పెద్దావిడ. "ఎవరింట్లో ఏమయిందో ఏమో."

అయినా నా మీద జాలిపడి ఒకసారి ఎత్తకుండా చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది కూడా. అప్పుడు మోడెంలు రెండూ కలిశాయి, నా తెర మీద సారు కారు ప్రత్యక్షమైంది, మలుపు తిరిగేలోపే ఎస్టీడీ లైను తెగింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిపినా నిమిషం నిలవలేదు.

ఇక మిగిలింది రెండు కంప్యూటర్లనూ ఒకే గదిలో పెట్టి తీగతో కలపడం. సారు రెండో కంప్యూటర్‌ను మధ్యాహ్నం బస్సులో ఒళ్లో పెట్టుకొని కోదాడ తెచ్చాడు. పుస్తకంలోంచి ఎత్తి గీసుకున్న తీగల బొమ్మ నా దగ్గర ఉంది. ఒకవైపు రెండో పిన్ను మరోవైపు మూడో పిన్నుకు, మూడోది రెండోదానికి, ఏడు ఏడుకు. ఒకటి మాట్లాడేది ఇంకొకటి వినాలంటే తీగలు అడ్డంగా మారాలని పుస్తకంలో ఉంది. మూడే తీగలు. నేనే అతికాను. ఆట మొదలుపెడితే రెండు తెరల మీదా 'రెండో ఆటగాడి కోసం చూస్తున్నాం' అని వచ్చి, అలాగే ఉండిపోయింది. అతుకులు ఊడదీసి మళ్లీ వేశాను. మర్నాడు ప్రారంభోత్సవం.

బస్టాండు వెనుక ఒక టీవీ రిపేరు షాపు ఉండేది. తండ్రి నుంచి పని నేర్చుకున్న ఒకావిడ నడిపేది. అందరూ అక్క అనేవాళ్లు. నేను నా టంకం సరిగ్గా లేదేమో చూడమని కేబుల్ పట్టుకెళ్లాను. ఆమె అతుకులు చూసి, టంకం బాగానే ఉందని, తప్పు ఇంకెక్కడో ఉందని చెప్పింది. పాడైన టీవీలు గోడ పొడవునా ఉన్నా మీటరు చేతిలో పట్టుకొని నా వెంట నడిచింది.

"నాకు కంప్యూటర్ తెలవదు. కరెంటు తెలుసు. ఇందులో పోయేది కరెంటే గదా" అంది.

ముందు రెండు కంప్యూటర్లూ ఆపించింది. మీటరు తీగల చివర ఉండే పుల్లల్లో ఒకటి కంప్యూటర్ డబ్బా ఇనుముకు, ఇంకొకటి వరసగా ఒక్కో పిన్నుకు ఆనించింది. అప్పుడే నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. ఒక కంప్యూటర్ వెనుక ఇరవై ఐదు పిన్నులున్నాయి, ఇంకొకదాని వెనుక తొమ్మిదే. నేనది చూడక కాదు, చూసి లెక్కచేయలేదు. అంకె అంకెకు కలిపాను. పెద్దదానిలో ఎర్తు ఏడో పిన్ను, చిన్నదానిలో ఐదోది అని ఆమె మీటరు చెప్పింది.

"పుస్తకంలో ఏడుకు ఏడే ఉందక్కా."

"పుస్తకం రాసినాయన ఈ డబ్బా చూసిండా?"

కేబుల్ పీకేసి కంప్యూటర్లు ఆన్ చేసి, ఆట అదే ఎదురుచూపు తెర దగ్గర ఆపమంది. పిన్నుల మీద పుల్ల పెడితే మీటరు ముల్లు వెనక్కి పోయింది. పుల్లలు రెండూ తారుమారు చేసి పట్టుకుంది. కొన్ని పిన్నుల దగ్గర ముల్లు కదలకుండా నిలిచింది. పెద్దదానిలో రెండో పిన్ను దగ్గర మాత్రం సెకనుకోసారి వణికింది. ఎందుకని అడిగింది. ఆట రెండో కంప్యూటర్‌ను పిలుస్తోందని, ఒక్కో అక్షరం ఎనిమిది చిన్న హెచ్చుతగ్గులుగా ఒకే తీగలో పోతుందని, ఆ కదలికే ముల్లులో కనబడుతోందని చెప్పాను. ఆమె మీటరు దించకుండానే శ్రద్ధగా విన్నది. నేను చదివినది ఎవరైనా అలా వినడం అదే మొదలు.

చిన్నదానిలో వణికింది మూడో పిన్ను.

"మాట్లాడేదీ ఇనేదీ రెండు, మూడులోనే అంటివి గదా. వణికేది నోరు. మిగిలింది చెవి. నువ్వు నోటికి నోరు కట్టినవు తమ్ముడూ. రెండూ పిలుస్తున్నయి, ఇనేదెవరు?"

ఆ తొమ్మిది పిన్నుల పోర్టులో రెండు, మూడు ముందే తారుమారై ఉన్నాయి. నా పుస్తకం తొమ్మిది పిన్నులు రాకముందు రాసినది. రెండును రెండుకు, మూడును మూడుకు, ఏడును ఐదుకు ఆమె అయిదు నిమిషాల్లో అతికింది. నా తెర మీద ఎర్రకారు పక్కన నీలంకారు వచ్చి నిలబడింది. సారు అవతలి కీబోర్డు మీద మీట నొక్కగానే నీలంకారు నా కళ్ల ముందే కదిలింది. తీగలు మూడు, మందం పావు అంగుళం లేదు. కారు దాంట్లోంచి వచ్చింది.

మర్నాడు గది పట్టనంత జనం. ఇద్దరు హైస్కూలు ఆడపిల్లలు కార్లు నడుపుతుంటే వెనుక నిలబడ్డవాళ్లు ఎటు తిప్పాలో అరిచి చెప్పారు. ఒకామె వంగి బల్ల కింద తీగ ఎక్కడిదాకా పోయిందో వెతికింది. అక్క షాపు మూసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

జనం పలచబడ్డాక సారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "మొత్తం నీ పుస్తకంలున్నట్టే చేసినవా?"

అవునంటే సరిపోయేది. ఆయన అడిగింది మెచ్చుకోవడానికే. అక్క ఆట చూస్తోంది, మా మాట వినడం లేదు. డిగ్రీ వాళ్ల దరఖాస్తులు గుర్తొచ్చాయి.

"లేదు సార్. పుస్తకంలో ఉన్నట్టు చేస్తే పనిచేయలేదు. తప్పెక్కడుందో పట్టింది అక్కనే."

ఆయన చెయ్యి తీశాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "ఏందమ్మా, గట్లయితే సారు ఉద్యోగం నీకియ్యాల్నా?" అన్నాడు సగం నవ్వుతూ.

"నాకెందుకు సార్, నా టీవీలే నాకు తెమలవు" అంది ఆమె. "ముల్లు వణకడం నేను పట్టిన. ఎందుకు వణుకుతదో ఆయన చెప్పిండు. పిల్లలకు చెప్పేటోడు గావాలె మీకు."

సారు మళ్లీ తెర వైపు చూశాడు. నీలంకారు గోడకు గుద్దుకొని గిరగిరా తిరుగుతోంది.

"సోమవారం నుంచి రా" అన్నాడు నాతో. "టక్ చేసుకొని రా. గీ చెప్పులు నడవయ్."

ధైర్యం వచ్చి ఒకటి అడిగాను. నా దగ్గర చేరేవాళ్లను వారానికో పూట అక్క షాపుకు పంపుతానని, మీటరు పట్టడం ఆమె దగ్గరే నేర్చుకోవాలని. సారు సరేనన్నాడు. అక్క వెంటనే ఒప్పుకోలేదు.

"పంపు" అంది చివరికి. "ముందొచ్చే నాలుగు వారాలు మాత్రం టీవీల వెనుక దుమ్ము దులుపుడే. నిన్ను గూడ కలుపుకొనే చెప్తున్న."