పాలు చేపే పాఠం

ముబీనా తెనాలి పిల్ల. గాజుల కొట్టు అబ్దుల్ ఖాదర్ గారమ్మాయి. ఇంట్లో కోడిపిల్లనైనా పెంచని ఆ పిల్ల పశుపోషణ చదివి, బాపట్లలో నాతోపాటు అదే పాఠం చెబుతోంది. దూడకు జున్నుపాలు తాగించకముందే ఎవరైనా జున్ను వండుకున్నారని తెలిస్తే చాలు, వాళ్లకు మూడినట్టే.

మగదూడలు ఎందుకు బతకడం లేదన్నది ఆమె పరిశోధన. పెయ్యయితే రేపు పాలిస్తుంది. మగదూడతో పనేముంది, పొలం ట్రాక్టరు దున్నుతుంటే? అలాగని దాన్ని ఎవరూ చంపరు, పాలు తాగనివ్వరు, అంతే. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రేపల్లె దగ్గర జగన్నాథరావు గారి గేదె ఈనలేక అవస్థ పడుతుంటే ముబీనాయే దూడను బయటికి లాగింది. మగదూడ. దాని ముక్కులోని జిగురు తన చున్నీతో తుడిచింది. జాలి చూపమంటే ఎవరూ వినరని, పాల లాభం చెబితేనే వింటారని ఆమెకు అనుభవం. అదే చెప్పింది.

"దూడని తల్లి ముందే ఉంచండి బాబాయ్ గారూ. దాన్ని నాకుతుంటే గేదె బాగా చేపుద్ది, పొదుగులోకి పాలు వాటంతటవే దిగుతాయి. పాల కోసం సూదులు పొడవక్కర్లేదు."

"అట్టాగేనమ్మా!" అన్నాడాయన.

నెల తిరిగాక దూడ మెడలో కట్టడానికి చిన్న గంట కొనుక్కుని ముబీనా నన్నూ వెంటబెట్టుకెళ్లింది. పాకలో జగన్నాథరావు పాలు పితుకుతున్నాడు. గేదె ముందు దూడ నిలబడి ఉంది. తల్లి దాన్ని ఆపకుండా నాకుతోంది.

"చూశావా అక్కా, నా దూడ!" అంటూ ముబీనా గంట కట్టబోయింది. చేతికి ఎండుగడ్డి గుచ్చుకుంది. కళ్లు లేవు. కాళ్లకు బదులు కర్రలు. తోలు మాత్రం దూడదే.

ముబీనా వంగినది వంగినట్టే ఉండిపోయింది.

జగన్నాథరావు మొహంలో దాపరికం లేదు, పైగా సంతోషం. "నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. మగదేగా, పాలు దండగని తాగనివ్వలేదు. పోయింది. తోలు వలిపించి గడ్డి కుక్కించా. సూది గీది లేకుండా ఎట్టా చేపుతుందో చూడు!"

"దూడ బతకాలి కదా బాబాయ్ గారూ!" అంది ముబీనా.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆ మాట అనలేదే? పాల సంగతేగా నువ్వు చెప్పింది!"

ఆమె చేతిలో గంట మోగింది. గేదె తలెత్తి చూసి, మళ్లీ ఆ తోలును నాకసాగింది.

ఇప్పుడు క్లాసులో ముబీనా పాల లాభం ఊసెత్తదు. "దూడ బతకాలి. ఎందుకని నన్నడగొద్దు," అంటుంది.