‘మాట’ అనే కాలమ్

విజయనగరంలో పెళ్లిసంబంధాల ఆఫీసు నడిపే ఒక వ్యాపారి దగ్గర నేను కంప్యూటర్ పనికి చేరాను. ఆయనకు శ్రీకాకుళంలో, శృంగవరపుకోటలో కూడా ఒక్కో బ్రాంచి ఉంది. మూడు చోట్లా మూడు రకాల డేటాబేసులు, ఒకదానితో ఒకదానికి మాటల్లేవు. అన్నిటినీ కలిపి ఒకే జాబితాగా మార్చే టూల్ ఉందని ఆయన ఎవరి దగ్గరో విన్నారు.

“బటన్ నొక్కితే అయిపోతాదట కదమ్మా,” అన్నారు.

బటన్ కంటే ముందు, ఏ డేటాబేసు ఎక్కడుందో, ఏ కాలమ్ తీసుకోవాలో, ఏది వదలాలో సెట్టింగుల ఫైలులో విడివిడిగా రాయాలని చెప్పాను. బటన్ గురించి అడిగితే ఫైలు గురించి చెబుతానేమిటని నొచ్చుకున్నారు.

మూడు వారాలు కుస్తీ పట్టాక జాబితా కలిసింది. ఆయన సొంత బావమరిది మూడు ఊళ్లలోనూ దొరికాడు. శృంగవరపుకోటలో ఇరవై తొమ్మిదేళ్లు, విజయనగరంలో ముప్ఫై ఒకటి, శ్రీకాకుళం చేరేసరికి ముప్ఫై నాలుగు. టూల్‌కి లెక్కలు రావని యజమాని తేల్చేశారు.

అసలు తప్పు నేను చేశాను. శ్రీకాకుళం బ్రాంచి చూసుకునే పెద్దావిడ ‘మాట’ అని ఒక కాలమ్ పెట్టుకుని, తనకు తెలిసిన నిజాలు అందులో రాసుకునేది. దాన్ని వదిలేయమని ఫైలులో రాయడం మరిచిపోయాను. సోమవారం పొద్దున్నే జాబితా ‘మాట’తో సహా అన్ని కుటుంబాల ఫోన్లకూ వెళ్లింది. ‘కుర్రాడు మంచోడే, తల్లితోనే కష్టం.’ ‘ఫొటో పాతది.’ ‘సాయంత్రమైతే మాట్లాడలేం.’

క్షమాపణ అడగడానికి బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లాను. ఆవిడ ఫోన్ చెవిదగ్గర పెట్టుకునే కూర్చోమని సైగ చేసింది. తిట్టేవాళ్లు అప్పటికే తిట్టేశారట. ఇప్పుడు చేస్తున్నవాళ్లు, తాము చూసిన సంబంధం పక్కన ‘మాట’ ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతున్నారట.

“ఇన్నేళ్లు నోటితో సెప్తే ఒక్కరూ ఇనలేదమ్మా. కంప్యూటర్ సెప్పిందని నమ్మేత్తన్నారు,” అంది. తర్వాత నా వైపు సూటిగా చూసింది. “ఆడపిల్లల గురించి రాసినవి ముందు తీసెయ్. అవి నా దగ్గరే ఉండాల.”

అక్కడే కూర్చుని తీసేశాను.

వారం తిరక్కుండా ఆఫీసు బోర్డు మీద ‘ఉన్నదున్నట్టు చెప్పడమే మా ప్రత్యేకత’ అని రాయించారు. ఆలోచన యజమానిదేనట. ఇప్పుడు పెళ్లికొడుకుల తల్లులు పెద్దావిడ దగ్గరికి మామిడితాండ్ర పట్టుకుని వస్తున్నారు. ఆవిడ తాండ్ర తీసుకుంటుంది, రాయాల్సింది రాస్తుంది.