మనిషికి యాభై వేల మాఫీ

కోరుట్ల బస్టాండు వెనక గల్లీలో మధు వీడియో గేముల దుకాణం పెట్టినప్పుడు అందరం నవ్వాం. నా జిరాక్సు షాపు పక్కనే కాబట్టి ఎక్కువ నవ్వింది నేనే. సిరిసిల్లలో నాలుగు మరమగ్గాలు అమ్ముకుని వచ్చి, గంటకు అరవై రూపాయలకు పోరగాళ్లతో ఆటలాడిస్తాడట. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని వెక్కిరించా. ఏడాది తిరక్కుండా నా నోరు మూతపడింది. ఆదివారమైతే కుర్రాళ్లు మెట్ల మీద కూర్చుని వంతు కోసం చూసేవాళ్లు.

కిటుకంతా పన్నులో ఉంది. ఆట మిషన్ ఇక్కడ కొంటే దిగుమతి సుంకం, జీఎస్టీ కలిసి ధర మీద ఎక్కి కూర్చుంటాయి. అదే దుబాయి నుంచి ఇంటికొచ్చే మనిషి సామానులో యాభై వేల విలువ దాకా పన్ను లేదు. మా వైపు ఏ వాడలో చూసినా నెలకొకరు దిగుతూనే ఉంటారు. వచ్చేవాడి చేత ఇరుగుపొరుగు సబ్బులు, అత్తర్లు, దుప్పట్లు తెప్పించుకోవడం, అతను కాదనకపోవడం ఇక్కడి మర్యాద. మధు ఆ మర్యాదను పట్టుకున్నాడు.

"సర్కారు మనిషికి యాభై వేలు మాఫీ ఇచ్చింది. మనోళ్లు దాన్ని సబ్బులకు ఖరాబు చేస్తున్నరు" అనేవాడు.

ఒక్కొక్కరి చేత ఒక్కోటి చొప్పున ఏడు మిషన్లు తెప్పించాడు. మాఫీ అంతా దానికే అయిపోయి, తెచ్చినవాళ్లు ఆ విడత తమ ఇంటికి ఒక ఫోను కూడా తెచ్చుకోలేకపోయారన్న సంగతి అతనికి తట్టలేదు. నాకు తట్టింది. ఊళ్లో పంచాయితీ నాకెందుకని ఊరుకున్నా.

దుబాయిలో పనిచేసే దేవయ్యది మా కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నం. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అన్న లచ్చయ్య తాటిచెట్లెక్కి, కల్లు గీసి తమ్ముణ్ని సాదాడు. పోయిన మార్చిలో ఆ లచ్చయ్య చెట్టు మీంచి జారిపడ్డాడు. కరీంనగర్ ఆసుపత్రిలో వేశారు. రెండు రోజులు కూడా బతుకుతాడని చెప్పలేమన్నారు డాక్టర్లు. దేవయ్య దుబాయి నుంచి దొరికిన విమానానికి టికెట్ తీసుకున్నాడు.

అప్పటికే మధు ఆన్‌లైన్‌లో అక్కడ రెండు మిషన్లు కొని అతని గదికి పంపించి ఉన్నాడు. "ఎట్లయినా వస్తనే ఉన్నవు కద తమ్మీ, రెండు పట్టుకరా. ఎండకాలం సెలవులు మొదలైతయి" అన్నాడు. అన్న చావుబతుకుల్లో ఉన్నా దేవయ్య కాదనలేకపోయాడు.

పొద్దున తొమ్మిదికి శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు ఆపారు. ఒకే రకానివి రెండుంటే అమ్మకానికే అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేముంది? పన్ను కట్టు, లేదంటే ఇక్కడ పెట్టి రసీదు తీసుకుని వెళ్లు అన్నారు. దేవయ్య ఫోన్ చేసినప్పుడు నేను మధు దగ్గరే కూర్చున్నా. స్పీకర్ ఆన్‌లో ఉంది.

"అన్నా, పన్ను కట్టమంటున్నరు. లేకుంటే ఈడ పెట్టి పొమ్మంటున్నరు. ఏం చెయ్యాలె?"

"పెట్టకు తమ్మీ, మల్ల చేతికి రావు. పిల్లలకని చెప్పు, బతిమిలాడు."

దేవయ్య వెంటనే ఫోన్ పెట్టలేదు. తర్వాత "సరే అన్నా" అన్నాడు.

రెండున్నర గంటలు బతిమిలాడాడు. చివరికి మధు పైసలు పంపితే పన్ను కట్టి బయటపడ్డాడు. కరీంనగర్ చేరేసరికి లచ్చయ్య పోయి ముప్పావు గంటైంది. పోయేదాకా తెలివిలోనే ఉన్నాడట. తమ్ముడు ఎక్కడిదాకా వచ్చాడని అడుగుతూనే ఉన్నాడట.

దినాలయ్యాక దేవయ్య ఆ రెండు డబ్బాలూ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. మధు అతని చేతులు పట్టుకుని ఏడ్చాడు. దేవయ్య తిడితే బాగుండేది, తిట్టలేదు.

"పెట్టి పో అంటవని చూసిన అన్నా. గా ఒక్క మాట నీ నోట్లెకెల్లి వస్తే ఉరికేటోన్ని. నువ్వు నమ్మి తెమ్మన్న సామాను నా అంతట నేను ఎట్ల ఇడిచిపెడుదు?"

మధు ఆ డబ్బాలు ఇంతవరకూ విప్పలేదు. దుకాణం నడుస్తూనే ఉంది. దుబాయి నుంచి ఎవరైనా వస్తున్నానని ఫోన్ చేస్తే, "ఏం తేకు, నువ్వు జల్దిన ఇంటికి పో" అంటాడు. బుద్ధి వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది.

ఇదంతా మధు తప్పే అని ఊరంతా అంటుంది, నేనూ తలూపుతా. కానీ ఆ పొద్దున ఫోన్ నాకు మూరెడు దూరంలో ఉంది. లచ్చయ్య ఎలా ఉన్నాడో నాకూ తెలుసు. "పెట్టి ఉరుకురా" అని నేనన్నా వినేవాడు దేవయ్య. నేను అనలేదు.