అతుక్కోని అన్నం

మస్కట్‌లో, అజైబా సందులో హవాయి నుంచి వచ్చిన జపాన్ మేడమ్ చిన్న హోటల్ నడుపుతుంది. అన్నాన్ని ముద్దగా ఒత్తి, వేయించిన చికెన్ ముక్క పెట్టి, సముద్రపు నాచు చుట్టి అమ్ముతాం. నేను డ్యూటీలో చేరిన కొత్తలో, మేడమ్ బయటికి పోయిందని అన్నం నేనే వండినా. కడపోళ్ల పనితనం చూపిద్దామని చెంచాడు నూనె పోసి, గంజి వార్చి, పొడిపొడిగా దించినా.

మేడమ్ వచ్చి ఒత్తితే ముద్ద విడిపోయింది. ఇంకోటీ అంతే. ఎదురుగా కస్టమర్లు.

"నో స్టిక్" అనింది.

మెచ్చుకుందనుకొని "థాంక్యూ మేడమ్" అన్నా.

ఆమె మొహం చూసినాక గబగబా వేరే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టినా. మళ్లీ వండుతున్నంతసేపూ తలలో వీసా, రూమ్, తిరుగు టికెట్టే. ఊరికే మూత ఎత్తి చూస్తానే ఉన్నా. చివరికి మెతుకు వేళ్లకు అంటుకుంటే ప్రాణం కుదుటపడింది.

పెళ్లయిన కొత్తలో అన్నం ముద్దయిందని మా అత్త కంచం తోసేసింది. ఇప్పుడు ఆ ముద్దకే నాకు జీతం.