అద్దాలు దించని ఏసీ కారు

ఐటీ కంపెనీల పుణ్యమా అని మా చిల్కూరు భూములకు ధర రాగానే, అర ఎకరం అమ్మి పాత కారు కొన్నాను. ఏసీ చల్లబడలేదు. నాకు తెలియని పనా అని, కారుతున్న పైపుకు నల్లాలకు వాడే తెల్ల టేపు చుట్టి, డబ్బాతో గ్యాస్ నేనే ఎక్కించాను. భార్యతో చేవెళ్లలోని అత్తగారింటికి బయలుదేరితే, నా పనితనం మొయినాబాద్ దాకా నిలిచింది, తర్వాత వేడిగాలే. అత్తవారు ఏసీ కారు చూడాలి కదా, అద్దాలు దించలేదు.

"జర అద్దం దించు, పానం పోతున్నది," అన్నది నా భార్య.

"దించితే చల్లదనం పోతది."

"ఏడున్నదయ్యా చల్లదనం?"

దిగేసరికి ఆమె చీరంతా చెమట. "ఏమైంది బిడ్డా?" అని అత్తగారు కంగారుపడింది.

"ఏసీ మంచిగనే ఉన్నదమ్మా. నాకే పానం బాగలేదు."

అక్కడితో నేను ఊరుకున్నా సరిపోయేది. "నిన్నటి నుంచి జ్వరమే అత్తమ్మా," అన్నాను.