ఎమ్మిగనూరు బస్సులోంచి రెండు దీవులు

నా స్నేహితురాలికి విమానమంటే భయం. ఆదోనిలో మా పక్క వీధే. ఇద్దరం ఎమ్మిగనూరులో ఒకే బడిలో పంతులమ్మలం. ఏళ్ల తరబడి ఒకే బస్సు, పక్కపక్క సీట్లు. ఉమ్రా యాత్రకు మక్కా పోవాలని పెళ్లికి ముందు నుంచీ ఆమె కోరిక. తీరా ఇప్పుడు వాళ్లన్న వెంటబెట్టుకుని పోతానంటే, పోనంటుంది. టికెట్ తియ్యాలా వద్దా, ఆ పొద్దు బడి గంట కొట్టేలోపు చెప్పమన్నాడాయన.

వాదనంటే నాకు అన్నం కంటే ఇష్టం. బస్సు ఆదోని దాటకముందే ఫోను తీశాను. సముద్రం మీద ఎగరడమూ బస్సెక్కినంత తేలికేనని చూపడానికి, మహాసముద్రం నడుమ ఆవగింజల్లా ఉన్న రెండు దీవులు వెతికి, వాటి మధ్య విమాన దూరం చూపే పేజీ తెరిచాను. నీలం మీద సన్నని గీత. ప్రయాణం సుమారు గంట అని ఉంది.

"చూడు మే. మనం రోజూ ఎమ్మిగనూరుకు పోయేంత సేపే. దీనికేనా ఏడుస్తాండావు?"

ఆమె కళ్లజోడు సర్దుకుని పేజీ అడుగు దాకా చదివింది.

"అక్కా, ఈడ సూడు. ఆ రెండో దీవిలో విమానం దిగే జాగానే ల్యాదంట. ఊరికే లెక్క గట్టినారంట."

"ఉంటే ఏమి, లేకుంటే ఏమి! లెక్క లెక్కే గదా?"

"లెక్క నీది. దిగల్సింది నేను. యాడ దిగల్ల, నీ నెత్తిమీదనా?"

ముందు సీట్లో ముసలాయన పక్కున నవ్వాడు. నేను ఊరుకుంటానా? రెక్కల గురించి, గాలి గురించి, తెలిసిందీ తెలియందీ కలిపి దంచాను.

"నువ్వెక్కినావా ఎప్పుడన్నా?"

"ల్యా."

"అయితే కాసేపు నోరు మూసుకో అక్కా. నేను పోయి సూసొస్తా." అని కళ్లు మూసుకుంది.

నేనూ కళ్లు మూసుకున్నాను. పత్తి లారీలు పోయిన దారి. కంపచెట్లకు చిక్కిన దూది గాలికి లేచి కిటికీలోంచి వచ్చి బుగ్గకు తగిలింది. నల్లరేగడి చేలన్నీ మెల్లగా కరిగి నీళ్లయ్యాయి. బస్సు కుదుపులు మాని తేలింది. ఒక దీవి ఎప్పుడో వెనకబడింది, రెండోది ఇంకా రాలేదు. ఆ నడుమ ఊరు లేదు, స్టేజీ లేదు, నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. నీలం, దాని మీద మా నీడ. ఆమె నా మణికట్టు పట్టుకుంది, గాజులు నొక్కుకునేంత గట్టిగా. ఎంతసేపటికో పట్టు వదులైంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఎమ్మిగనూరు బస్టాండులో దిగాక, ఏం చూసినావని రెండుసార్లు అడిగాను. ఆమె పక్కకు పోయి వాళ్లన్నకు ఫోను చేసింది.

"అన్నా, నాకూ తియ్ టికెట్... ఊఁ, భయమైతాది. అయితే కానీ. తియ్."