ముందెవరు మాట్లాడాలి

నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుందనగా, ఒక మార్చి నెలాఖరున నన్ను విజయవాడ కంట్రోల్ రూమ్‌కి కమ్యూనికేషన్స్ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. పోలీసు శాఖలో ఇలాంటి విభాగం ఒకటుంటుందని చాలామందికి తెలియదు. మేమూ పోలీసులమే గానీ లాఠీ పట్టం, దొంగల్ని పట్టం. వైర్‌లెస్ సెట్లు, టవర్లు, బ్యాటరీలు, యాంటెన్నాలు, ఇదే మా సంసారం. అన్నీ సవ్యంగా నడిచినంతకాలం మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. సెట్టు పలక్కపోతే మాత్రం మొదటి తిట్టు మాకే.

అంతకుముందు చాలా ఏళ్ళు చల్లపల్లి, ఉయ్యూరు వైపు రిపీటర్ స్టేషన్లు చూసుకున్నాను. ఒక సెట్టు పంపిన మాటను అందుకుని, బలం పెంచి, దూరంగా ఉన్న ఇంకో సెట్టుకు చేరవేసే యంత్రాన్ని రిపీటర్ అంటారు. ఆ పాత వైర్‌లెస్‌లో పద్ధతి సులువు. ఎవరు ముందు బటన్ నొక్కితే వాళ్ళదే మాట. వాళ్ళు వేలు తీసేదాకా ఎంత పెద్ద అధికారైనా ఆగాల్సిందే. దాని మీద మా పెద్దలకు ఎప్పుడూ గుర్రే.

విజయవాడలో నాకప్పగించిన పని కొత్తది. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ మీద నడిచే సెట్లు కొన్ని ఇచ్చి, ప్రయోగాత్మకంగా వాడి చూడమన్నారు. చూడ్డానికి లావుపాటి సెల్‌ఫోన్‌లా ఉంటుంది, పక్కన పెద్ద బటన్. దసరాకి దుర్గమ్మ కొండ కింద జనం పోగైతే మామూలు ఫోన్లు కలవవు కదా, ఆ రద్దీలో కూడా టవరు ఈ సెట్లకు ముందుగా దారి ఇస్తుంది. పోలీసు, ఫైర్, అంబులెన్స్ వాళ్ళు ఒకే గ్రూపులో మాట్లాడుకోవచ్చు. ఎవరు ఎక్కడున్నారో మ్యాపులో కనపడుతుంది, వీడియో పంపుకోవచ్చు. మూడు శాఖలు ఒకరి మాట ఒకరు వినగలిగే రోజు నా సర్వీసులో వస్తుందని నేను అనుకోలేదు. నిజంగా సంబరపడ్డాను.

ఈ గ్రూపులో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ప్రతి సెట్టుకూ ఒక ప్రాధాన్యం ఇవ్వాలి. కింది ప్రాధాన్యం ఉన్న మనిషి మాట్లాడుతుండగా పైవాళ్ళు బటన్ నొక్కితే, కిందివాళ్ళ మాట అక్కడికక్కడే తెగిపోతుంది. వాళ్ళకు చిన్న బీప్ వినపడుతుంది, అంతే. ప్రమాదంలో ఉన్నవాళ్ళ మాట అన్నిటికంటే ముందు వినపడాలని చేసిన ఏర్పాటది. మేం దాన్ని ఎలా వాడుకున్నామో చెబితే నవ్వుతారు.

ఏ సెట్టుకు ఏ ప్రాధాన్యమివ్వాలో తేల్చడానికి మూడు శాఖల అధికారులతో కమిటీ వేశారు. అధ్యక్షులు ఒక పెద్ద పోలీసు అధికారి. ఆయన పేరు ఇక్కడ రాయను, రాస్తే ఆయనకు నచ్చదు. మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఇక ఆ మీటింగు చూడాలి! ఫైర్ అధికారి మా ఇన్‌స్పెక్టరు కంటే పైనా కిందా అని కాసేపు. అంబులెన్స్ మేనేజరు గారికి అసలు ర్యాంకే లేదు, ఆయన్నెక్కడ కూర్చోబెట్టాలని కాసేపు. పెళ్ళి పందిట్లో ముందు వరస కుర్చీల కోసం కూడా అంత పేచీ రాదు. టీలు రెండు విడతలు అయ్యాక ర్యాంకుల వరసనే ఖాయం చేశారు. పైన పెద్దసారు, ఆ కింద మిగతా అధికారులు, వాళ్ళ తర్వాత కంట్రోల్ రూమ్, అడుగున ఫైర్ స్టేషన్ ఆఫీసర్ మొదలు రోడ్డు మీద, మంటలో పనిచేసేవాళ్ళు. ఆ గదిలో ఎవరికీ అది తేడాగా అనిపించలేదు, నాకూ అనిపించలేదు. మన ఆఫీసుల్లో పెద్దవాళ్ళు నోరు తెరిస్తే చిన్నవాళ్ళు ఆగడం పుట్టుకతో వచ్చిన అలవాటు. ఈ వరస మార్చాలంటే పెద్దసారు రాతపూర్వకంగా అనుమతివ్వాలని కూడా నిర్ణయించారు. మార్చే పాస్‌వర్డ్ మాత్రం నా దగ్గరే ఉండేది.

ఫైర్ స్టేషన్ తరఫున సెట్టు తీసుకోవడానికి లీడింగ్ ఫైర్‌మన్ ఖాసిం గారు వచ్చారు. మంటల్లోకి వెళ్ళే జట్టును ముందుండి నడిపేది లీడింగ్ ఫైర్‌మనే. వన్ టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి, నిదానస్తుడు.

"మేడం గారూ, గ్లవ్స్ ఏసుకుని నొక్కితే పలుకుద్దాండీ ఇది?" అని అడిగారు. గ్లవ్స్ తెప్పించి, నొక్కి, పలికాకే సంతకం పెట్టారు. అలాంటి మనిషంటే నాకు వెంటనే గౌరవం కలుగుతుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్ అంటుకుందని ఫోన్ వచ్చింది. చేసింది గోడౌన్ యజమాని. "మా గుమాస్తా శేషగిరి పైనున్నాడండీ! అన్నం తిని బేళ్ళ మీద నడుం వాలుస్తాడండీ ఈ టైముకి. పిలుస్తుంటే పలకట్లేదండీ!" అని ఏడుస్తున్నాడు. మాది నేత కుటుంబం. మా నాన్న చీరలు మూటగట్టి ఆ సందుల్లోని కొట్లకే వేసేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట ఆ గోడౌన్ల మెట్లు ఎక్కాను, ఒక మనిషి ఎక్కుతుంటే ఇంకో మనిషి దిగలేనంత ఇరుకు. బట్టల బేళ్ళు అంటుకుంటే మంట కంటే పొగ ఎక్కువ.

కన్సోల్ దగ్గర హెడ్ కానిస్టేబుల్ నాగేశ్వరరావు ఉన్నాడు. గ్రూపులో ఎవరెవరు మాట్లాడుతున్నారో తెరమీద చూస్తూ కలిపే పని అతనిది. మాట్లాడుతున్న పేరు పచ్చగా, మాట తెగిన పేరు ఎర్రగా కనపడుతుంది. ఖాసిం గారు గాలి సిలిండరు తగిలించుకుని, ఇంకో ఫైర్‌మన్‌ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళారని బయటున్న స్టేషన్ ఆఫీసర్ చెప్పాడు. కాసేపటికి ఖాసిం గారి గొంతు వచ్చింది.

"కంట్రోల్, ఖాసింని. వెనక కిటికీ..."

అంతే, తెగిపోయింది. ఆ స్థానంలో ఒక అధికారి గొంతు: "లోపల ఎంతమంది ఉన్నారు? వివరాలు చెప్పండి." ఆయన వదిలాక మళ్ళీ ఖాసిం గారు దగ్గుతూ, "వెనక..." అన్నారు. ఇంకో అధికారి నొక్కారు: "మీడియా వచ్చేసింది, నాకు సమాచారం కావాలి." ఆ వెంటనే పెద్దసారు: "ఫైర్ తరఫున ఎవరున్నారక్కడ? రిపోర్ట్ చెయ్యండి!"

రిపోర్ట్ చెయ్యాల్సిన మనిషి పేరేమో మా తెరమీద పచ్చగా వెలగడం, ఎర్రబడటం, వెలగడం, ఎర్రబడటం. అడిగేవాళ్ళంతా మంచి ఉద్దేశంతోనే అడుగుతున్నారు. కానీ అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పేవాడి నోరు నొక్కుతున్నామని వాళ్ళకు తెలియదు. పైనుంచి నొక్కినవాళ్ళ సెట్టులో ఏ బీపూ వినపడదు మరి.

నేను కన్సోల్ మైకు అందుకుని, "అందరూ దయచేసి ఆగండి, లోపలి వాళ్ళు..." అన్నాను. నా మాటా తెగింది. కంట్రోల్ రూమ్ కూడా అధికారుల కిందే కదా! ఒళ్ళు మండిపోయింది. పెద్దసారు ఫోన్‌కి చేస్తే ఎంగేజ్. స్టేషన్ ఆఫీసర్ ఫోన్ మోగుతోంది గానీ ఆ గోలలో తియ్యడం లేదు. ఖాసిం గారి ప్రాధాన్యం పెంచుదామా అంటే, ఆ ప్రయోగపు సెట్లలో ఒక ఇబ్బంది ఉంది. ప్రాధాన్యం పెంచినా తగ్గించినా సెట్టు ఆపి మళ్ళీ వేస్తేనే అమలవుతుంది. పొగలో ఉన్న మనిషికి సెట్టు ఆపి వెయ్యమని ఎలా చెబుతాం? చెప్పినా మా మాట చేరాలి కదా. వెంటనే అమలయ్యేది ఒక్కటే, మాట్లాడే హక్కు తీసెయ్యడం. అప్పుడు ఆ సెట్టులో వినపడుతుంది, మాట్లాడటం మాత్రం కుదరదు.

"నాగేశ్వరరావ్, పై వరసలో అందరివీ వినడానికి మాత్రమే పెట్టేస్తున్నా," అన్నాను.

అతను కుర్చీలోంచి సగం లేచాడు. "పెద్దసారుది కూడానా మేడం?"

"ముందు ఆయనదే."

"మేడం, మీకింకా రెండేళ్ళే ఉందండీ. పింఛను..." అని నసిగాడు.

"తెలుసయ్యా బాబూ! పేర్లు చదువు ముందు."

రాత అనుమతి లేకుండా పై అధికారి సెట్టు మూయించడమంటే సస్పెన్షన్‌కి ఎదురెళ్ళడమే. అతను పేర్లు చదివాడు, నేను ఒక్కొక్కటే మార్చాను. గ్రూపు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఖాసిం గారి గొంతు తెగకుండా వచ్చింది.

"కంట్రోల్, ఖాసింని. వెనక కిటికీలోంచి నీళ్ళు కొట్టడం ఆపమనండి. పొగా ఆవిరీ మొత్తం మెట్ల మీదికే తంతంది. మనిషి దొరికాడు, ఊపిరుంది. మెట్ల మీదే ఇరుక్కున్నాం. నీళ్ళు ఆపితే దిగుతాం."

బయటివాళ్ళు వెనక సందులోంచి కిటికీలోకి పైపు పెట్టి శక్తికొద్దీ కొడుతున్నారు, సాయం చేస్తున్నామనుకుని. ఆ నీళ్ళు లోపలి వేడి పొగను తోసుకుంటూ ఇరుకు మెట్ల మీదికి పంపిస్తున్నాయి. నాగేశ్వరరావు ఆ మాటే మళ్ళీ చెప్పేలోగా స్టేషన్ ఆఫీసర్ పలికాడు: "విన్నానన్నా! ఆపేశాం, ఆపేశాం. దిగండి!" తర్వాత కాసేపు ఎవరి మాటా లేదు. నేను దేవుళ్ళందరికీ మొక్కాను, పేర్లు గుర్తొచ్చినంతమందికి. చివరికి స్టేషన్ ఆఫీసరే అన్నాడు: "బయటికొచ్చారు మేడం. ముగ్గురూ వచ్చారు." నాగేశ్వరరావు తల మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

శేషగిరిని అంబులెన్స్ ఎక్కించాక అధికారుల సెట్లకు మాట తిరిగిచ్చాను. మొదట వచ్చిన గొంతు పెద్దసారుదే. "నా సెట్టుకేమైంది?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే పిలుపు వచ్చింది. వెళ్ళి సెల్యూట్ చేసి నిలబడ్డాను.

"నిన్న నా సెట్టు పలకలేదేమ్మా?"

"పాడవలేదు సార్. నేనే ఆపాను."

"ఎవరిచ్చారు అనుమతి?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. అడుగుదామని చేస్తే మీ ఫోన్ ఎంగేజ్ వచ్చింది."

ఆయన మొహం ఎర్రబడింది. నీళ్ళు నమలడం నాకు చేతకాదు. గ్రూపు మాటలన్నీ రికార్డవుతాయి, ఒక్కసారి వినమని అడిగాను. సరే అన్నారు. పెట్టాను. ఖాసిం గారి దగ్గు, తెగిపోయిన మాట, దాని మీద తన గొంతు. ఆయన బల్ల మీద రెండు చేతులూ ఆనించి విన్నారు. "ఇంకోసారి పెట్టండి," అన్నారు. రెండోసారీ చివరిదాకా విన్నారు.

"ఖాసిం ఎట్లా ఉన్నాడు?"

"మెడ మీద కాస్త కమిలింది సార్. డ్యూటీకొచ్చాడు."

"ఆ శేషగిరి?"

"ఊపిరితిత్తుల్లో పొగ చేరిందన్నారు సార్. ప్రాణానికేం ఫర్వాలేదట."

"మంచిది. వెళ్ళండి."

మెచ్చుకోలేదు, తిట్టలేదు. మెమో వస్తుందని ఎదురుచూస్తూ నేను తిన్న అన్నం ఒంటికి పట్టలేదు. మెమో రాలేదు, కమిటీ మీటింగుకు కబురొచ్చింది. అందరూ కూర్చున్నాక పెద్దసారు ఆ రికార్డింగు వినిపించమన్నారు. అయ్యాక ఒక్క మాటన్నారు.

"నా సెట్టు అందరికంటే అడుగున పెట్టండి. మిగతావాళ్ళు ఎక్కడుండాలో మీరే తేల్చుకోండి."

పెద్దసారు అడుగున కూర్చుంటే ఆయన నెత్తిన కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? ఫైర్ అధికారి గొంతు సవరించుకుని, "నాదీ కిందే పెట్టండి," అన్నారు. ఇంకొకరు, "నాది ఇంకా కిందైనా ఫర్వాలేదు," అన్నారు. అంబులెన్స్ మేనేజరు గారైతే తనకసలు మాట్లాడే హక్కే అక్కర్లేదన్నారు. మొదటి మీటింగులో పైకెక్కడానికి ఎంత తోసుకున్నారో, ఈసారి కిందికి దిగడానికి అంత తోసుకున్నారు. నవ్వాపుకోలేక నేను మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

కొత్త వరసలో అన్నిటికంటే పైస్థానం ఎవరి పేరా రాయకుండా ఉంచాం. ఏ ప్రమాదంలో ఎవరు లోపలికి వెళితే ఆ పూటకు వాళ్ళ సెట్టు అక్కడికి చేరుతుంది. దాని తర్వాత కంట్రోల్ రూమ్. లోపలున్నది ఎవరో తేల్చే అధికారం కన్సోల్ దగ్గర కూర్చున్నవాళ్ళకే, అంటే నాగేశ్వరరావు లాంటివాళ్ళకే ఇచ్చారు. దానికి రాతపూర్వక అనుమతి అవసరం లేదు. పెంచిన ప్రాధాన్యం సెట్టు ఆపకుండానే అమలయ్యేలా సెట్లు ఇచ్చినవాళ్ళ చేత మార్పించాం.

పెద్దసారు తలుచుకుంటే ఒక్క సంతకంతో నన్ను ఇంటికి పంపేవారు. పంపలేదు, పైగా తన గొంతు తానే పదిమందిలో వినిపించారు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. మాట తెగిన ప్రతిసారీ విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ బటన్ నొక్కిన ఖాసిం గారికి అంతకంటే ఎక్కువ రుణపడి ఉన్నాను. ఆయన ఊరుకుని ఉంటే తెరమీద మాకేమీ కనపడేది కాదు. శేషగిరి ఇప్పటికీ అదే యజమాని దగ్గర గుమాస్తాగా ఉన్నాడు. ఆ కొట్టుకి బట్టలు కొనడానికి వెళితే నన్ను మామూలు బేరంగానే చూస్తాడు, నేనూ ఏమీ చెప్పను.

పెద్ద అధికారుల చేతికి మాట్లాడే సెట్టు ఇవ్వడం మా విభాగానికి ఎప్పుడూ వచ్చిన పనే. వాళ్ళు ఎప్పుడు వినాలో అది కూడా సెట్టులో పెట్టి ఇవ్వాలని ఆ మధ్యాహ్నం నేర్చుకున్నాం.